పాత డీబీఎఫ్ ఫైళ్లకు ఏ లైబ్రరీ? చదవడానికి ఒకటి, రాయడానికి ఇంకొకటి

పలాస జీడిపప్పు బట్టీల్లో, రాజాం రైసు మిల్లుల్లో, విజయనగరం హోల్‌సేల్ కొట్లలో ఇప్పటికీ ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాయించుకున్న లెక్కల ప్రోగ్రాం నడుస్తున్న చోట్లు ఉన్నాయి. రాసిచ్చినాయన ఎప్పుడో విశాఖో హైదరాబాదో వెళ్లిపోయి ఉంటాడు. ప్రోగ్రాం మాత్రం రోజూ చిట్టా రాసుకుంటుంది, ఆవర్జా తీసిస్తుంది. గుమస్తాకి కళ్లు మూసుకున్నా ఏ మెనూలో ఏముందో తెలుసు. కంప్యూటరు మార్చాల్సి వచ్చినప్పుడే టెన్షన్ మొదలవుతుంది. లెక్కలన్నీ డీబీఎఫ్ ఫైళ్లుగా ఉన్న ఆ ఫోల్డరు పెన్‌డ్రైవులో వేసుకుని ఊళ్లో ఎవరు చేస్తారా అని వెతుకుతారు.

నేను శ్రీకాకుళంలో ఈ పనులు చేస్తుంటాను. ఇంజినీరింగ్ అయ్యాక ఇలాంటి పనులు కొత్తగా ఒప్పుకుంటున్న తమ్ముళ్లు ఫోన్ చేసి మొదట అడిగేది ఒకటే: "అన్నా, పైథాన్‌లో ఏ లైబ్రరీ ఫాస్టు?" లైబ్రరీ అంటే పైథాన్ భాషలో ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్. ఈ డీబీఎఫ్ ఫైళ్ల విషయంలో స్పీడు ఆలోచించాల్సిన సంగతి కాదు. ఒక కొట్టు ఇరవై ఏళ్ల లావాదేవీలు రెండు లక్షల రికార్డులు అనుకుందాం. రికార్డుకి 58 బైట్లు వేసుకుంటే మొత్తం 12 ఎంబీ లోపే. మీ ఫోన్‌లో నాలుగు ఫోటోలంత. ఏ లైబ్రరీ అయినా టీ తాగేలోపు చదివేస్తుంది.

చూడాల్సింది ఇంకొకటి. ఫైలులో ఏదైనా తేడా ఉన్నప్పుడు ఆ లైబ్రరీ ఆగి చెబుతుందా, లేక తనే ఏదో సర్దేసి ముందుకు పోతుందా? ఆగి చెప్పేదాన్ని తీసుకోండి. ఎర్రర్ వస్తే ఆ రోజు చిరాకు పడతాం, సాయంత్రానికి సరిచేసుకుంటాం. చప్పుడు లేకుండా సర్దేసిన అంకె మాత్రం ఆరు నెలల తర్వాత ఒకరి బాకీలో బయటపడుతుంది.

ముందు ఫైలు తెరిచి చూడండి

లైబ్రరీ ఎంచుకునే ముందు ఒక అరగంట ఫైలునే చూడండి. బైట్లను బైట్లుగానే చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే డీబీఎఫ్ అంత తేలికైన ఫార్మాట్ ఇంకొకటి లేదనిపిస్తుంది. ఇది డీబేస్ అనే పాత డేటాబేస్ ప్రోగ్రాం కాలం నాటిది. ఆష్టన్-టేట్ కంపెనీ అమ్మిన డీబేస్ 3 వచ్చింది 1984లో. ఫాక్స్‌ప్రో తయారుచేసిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్‌ను 1992లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. చివరి వెర్షన్ విజువల్ ఫాక్స్‌ప్రో 9కి సపోర్టు 2015 జనవరిలో ఆగిపోయింది. ఇన్ని చేతులు మారినా ఫైలు ఎముకల గూడు మారలేదు.

మొదటి 32 బైట్లు హెడర్. అందులో మొట్టమొదటి బైటు 03 అయితే డీబేస్ 3 తరహా, మెమో (పొడవైన రాతల్ని విడిగా ఉంచే ఫైలు) లేనిది. ఎఫ్5 అయితే ఫాక్స్‌ప్రో, మెమో ఉన్నది. 30 అయితే విజువల్ ఫాక్స్‌ప్రో. తర్వాత మూడు బైట్లు చివరిసారి మార్చిన తేదీ. ఆ తర్వాత నాలుగు బైట్లలో రికార్డుల సంఖ్య, రెండు బైట్లలో హెడర్ పొడవు, ఇంకో రెండు బైట్లలో ఒక్కో రికార్డు పొడవు ఉంటాయి. హెడర్ కింద ఒక్కో ఫీల్డుకి 32 బైట్ల వివరం. ఫీల్డు పేరు పది అక్షరాలు దాటదు. ఆ కిందనుంచి రికార్డులు వరసగా, అన్నీ ఒకే కొలతలో, పేర్చిన ఇటుకల్లా ఉంటాయి.

కొలత ఒకటే కాబట్టి లెక్క చూసుకోవచ్చు. ఖాతా నంబరు 6, పేరు 25, తేదీ 8, కిలోలు 8, రొక్కం 10. మొత్తం 57, ముందు ఉండే ఒక బైటు కలిపి 58. డీబేస్ 3, ఫాక్స్‌ప్రో తరహాలో ఐదు ఫీల్డుల వివరాలతో కలిపి హెడర్ మొత్తం 32 ప్లస్ 160 ప్లస్ ముగింపు గుర్తు 1, అంటే 193. హెడర్‌లో 412 రికార్డులని ఉంటే ఫైలు సైజు చివరి ముగింపు బైటుతో కలిపి 24,090 రావాలి. రాకపోతే ఏదో జరిగింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు నా దగ్గరికి వచ్చిన ఫైళ్లలో ఒకదాని హెడర్ 412 అంటోంది, సైజు మాత్రం 24,264 ఉంది. అందులోంచి 194 తీసేసి 58తో భాగిస్తే సరిగ్గా 415. కరెంటు పోయిన ఘడియలో మూడు లావాదేవీలు ఫైలులో పడ్డాయి, హెడర్‌లో సంఖ్య మారేలోపే మెషీన్ ఆగిపోయింది. హెడర్ సంఖ్యనే నమ్మే లైబ్రరీ ఆ మూడింటినీ చూపించదు. ఆ మూడూ జీడిపిక్కల కొనుగోళ్లు, బస్తాకి 80 కిలోల లెక్కన రైతులకు ఇవ్వాల్సిన డబ్బు.

సొంతంగా చదువుదామా?

ఇంత తేలికైన ఫార్మాట్ కదా, పైథాన్‌లో ఉన్న స్ట్రక్ట్ మాడ్యూల్‌తో మనమే 58 బైట్ల చొప్పున కోసేస్తే పోలా అనిపిస్తుంది. మొదట్లో నేనూ అదే చేశాను. రికార్డు ముందు ఉండే ఆ ఒక్క బైటు చూసినచోటల్లా ఖాళీగా, స్పేస్‌గా కనిపించింది. పనికిరానిది అనుకుని వదిలేసి మిగతా 57 బైట్లు తీసుకున్నాను. బాకీల జాబితా అచ్చు తీసి బట్టీకి పట్టుకెళ్లాను. గుమస్తా బాబాయ్ రెండో పేజీలో వేలు పెట్టి ఆగిపోయారు.

"ఇదేటి బాబూ, ఈ కాశీబుగ్గ ఖాతా మూసేసి ఏళ్లయిపోయింది కదా. ఈయనకి బాకీ ఏటి?"

డీబీఎఫ్‌లో రికార్డు డిలీట్ చేస్తే అది ఫైలులోంచి పోదు. ముందున్న ఆ బైటులో స్పేస్ బదులు ఒక నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. హెక్స్‌లో 20 కాస్తా 2ఏ అవుతుంది. ప్యాక్ అనే ఆదేశం ఇచ్చేదాకా పాత సమాచారం అంతా అక్కడే ఉంటుంది. నేను పనికిరాదనుకుని వదిలేసిన బైటు అదే. కొట్టేసిన 31 ఖాతాలు మళ్లీ ప్రాణం పోసుకుని జాబితాలోకి వచ్చేశాయి. ఆయన ఆ రోజు పట్టుకోకపోతే ఎప్పుడో బాకీ తీర్చేసినవాళ్లకి మళ్లీ కబురు వెళ్లేది. ఊళ్లో వ్యాపారానికి అంతకంటే అవమానం లేదు.

అందుకే నేర్చుకోవడానికైతే సొంతంగా రాయండి, తప్పక రాయండి. కస్టమర్ డేటాకి మాత్రం వద్దు.

చదవడానికి: డీబీఎఫ్‌రీడ్

పాత ఫైలులోంచి సమాచారం బయటికి తీయడమే పని అయితే నా మొదటి ఎంపిక డీబీఎఫ్‌రీడ్. పూర్తిగా పైథాన్‌లో రాసింది, వేరే ఏ లైబ్రరీ అక్కర్లేదు. పాత కంప్యూటర్లో కూడా ఇబ్బంది లేకుండా ఎక్కుతుంది. దీనికి రాయడం రాదు. కొందరు దాన్ని లోపం అంటారు. నాకు మాత్రం అదే పెద్ద గుణం. మీ కోడ్‌లో ఎంత తప్పు చేసినా కస్టమర్ ఫైలులో ఒక్క బైటు కూడా మారదన్న ధైర్యం చిన్నది కాదు.

మామూలుగా రికార్డులు అడిగితే బతికి ఉన్నవే ఇస్తుంది. డిలీట్ అయినవి కావాలంటే విడిగా అడగాలి. నేను రెండూ అడిగి, రెండు సంఖ్యలూ కాగితం మీద రాసుకుంటాను. హెడర్‌లో ఉన్న సంఖ్యతో ఆగిపోకుండా ముగింపు గుర్తు వచ్చేదాకా నడుస్తుంది కాబట్టి తుపాను ఫైలులో ఆ మూడు రికార్డులూ దీనికి దొరికాయి. మెమో ఫైలు పక్కన లేకపోతే ఆగిపోయి ఫలానా ఫైలు లేదు అని చెబుతుంది. కోడ్‌పేజీకి, అంటే ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టికకి, సరిపడని బైటు తగిలితే కూడా ఆగుతుంది. ఆగకుండా వదిలేసేలా ఆప్షన్ ఉంది. మొదటిసారి చదివేటప్పుడు ఆ ఆప్షన్ వాడొద్దు.

ఒక్క జాగ్రత్త. దశాంశం ఉన్న అంకెల్ని ఇది ఫ్లోట్‌గా, అంటే ఉజ్జాయింపు సంఖ్యగా, ఇస్తుంది. తూకాలకి ఫర్వాలేదు, డబ్బుకి కాదు. వేల ఎంట్రీలు కూడితే పైసల దగ్గర తేడా రావచ్చు, ఆవర్జాలో పైస తేడా వచ్చినా గుమస్తా సంతకం పెట్టరు. ఫీల్డుని చదివే క్లాసుని మనం మార్చుకునే వీలు ఈ లైబ్రరీలోనే ఉంది. నాలుగు లైన్లలో రొక్కం ఫీల్డుల్ని ఉన్నది ఉన్నట్టు ఉంచే డెసిమల్‌గా చదివించుకోవచ్చు. డీబీఎఫ్‌లో మామూలు అంకెల ఫీల్డుల్లో అంకెలు అక్షరాలుగానే ఉంటాయి కాబట్టి ఏమీ పోదు.

రాయడానికి: డీబీఎఫ్, పైషెప్

రాయడం ఎప్పుడు అవసరం? ఎవరో ఒకరు మాకు డీబీఎఫ్‌లోనే కావాలి అన్నప్పుడు. లేదా మ్యాపు పని ఉన్నప్పుడు. షేప్‌ఫైలు అనే మ్యాపు ఫార్మాట్‌లో వివరాల పట్టిక ఇప్పటికీ డీబీఎఫ్‌లోనే ఉంటుంది.

డీబీఎఫ్ పేరుతోనే ఒక పైథాన్ లైబ్రరీ ఉంది. చదువుతుంది, రాస్తుంది, డీబేస్ 3, క్లిప్పర్, ఫాక్స్‌ప్రో, విజువల్ ఫాక్స్‌ప్రో తరహా పట్టికలు తయారుచేస్తుంది. వాడకం కాస్త గట్టిగా ఉంటుంది. రాయడానికి తెరుస్తున్నానని ముందే చెప్పాలి. కొత్తలో చిరాకు వేస్తుంది, అలవాటైతే మంచిదే అనిపిస్తుంది. పైషెప్ మ్యాపుల కోసం పుట్టింది, షేప్‌ఫైలుతో పాటే డీబీఎఫ్ కూడా రాసేస్తుంది.

ఈ రెండింటి తేడా మన జిల్లాల పేర్లతోనే చూడొచ్చు. పాత ప్రోగ్రాముల్లో జిల్లా ఫీల్డు వెడల్పు 12 ఉండటం నేను చాలాచోట్ల చూశాను. ఇంగ్లీషులో శ్రీకాకుళానికి 10 అక్షరాలు, విజయనగరానికి 12. రాసినాయన పెద్ద పేరు కొలిచి అంతే పెట్టాడు, అప్పటికి చాలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం జిల్లాలోంచి విజయనగరానికి వచ్చింది, అది 12లో పట్టేస్తుంది. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. ఆ పేరు ఇంగ్లీషులో మధ్య ఖాళీతో కలిపి 20 అక్షరాలు. ఆ ఫీల్డులో దీన్ని రాయబోతే డీబీఎఫ్ లైబ్రరీ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, ఇన్ని బైట్ల ఫీల్డులో ఇన్ని బైట్లు పెట్టబోయావు అంటుంది. పైషెప్ పట్టినంత రాసి మిగతాది కోసేస్తుంది, ఏమీ చెప్పదు. మ్యాపు లేని పనికి పైషెప్ వద్దని నేను అనడానికి ఇదే కారణం. మ్యాపు ఉంటే తప్పదు. అప్పుడు పొడవులు మీరే ముందుగా కొలుచుకోండి. షేప్‌ఫైలులో డీబీఎఫ్ వరస, బొమ్మల వరస ఒకదానికొకటి జతగా ఉంటాయి. పట్టికను విడిగా తెరిచి సార్ట్ చేశారంటే ఒకరి పొలం ఇంకొకరి పేరు మీదికి పోతుంది.

తెలుగులో రాస్తే సంగతి ఇంకా కష్టం. డీబీఎఫ్ వెడల్పు బైట్లలో ఉంటుంది. అక్షరాల్ని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి మూడు బైట్లు. "విజయనగరం" అంటే వ, గుడి, జ, య, న, గ, ర, సున్నా. ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. పేరుకి 25 ఇచ్చిన ఫీల్డులో ఒక్క బైటు మిగిలేలా పడుతుంది. "శ్రీకాకుళం"లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్నా. పది గుర్తులు, 30 బైట్లు. అదే ఫీల్డులో కోస్తే "శ్రీకాకు" దాకా 24 బైట్లు అయిపోయి, 25వది ళలో మూడోవంతు. అది ఏ అక్షరమూ కాదు, తెర మీద ప్రశ్నార్థకంగా కనిపిస్తుంది. పేర్లు తెలుగులో ఉంచాలనుకుంటే, ఉంచాలనే నేనూ కోరుకుంటాను, డీబీఎఫ్ దానికి చోటు కాదు.

ఫైలులో ఇప్పటికే తెలుగు ఉండి, అది భారతీయ భాషల కోసం చేసిన పాత ఇస్కీ కోడ్‌లో ఉంటే వేరే చిక్కు. ఇస్కీలో గుర్తుకి ఒక్క బైటే, కాబట్టి అప్పట్లో 25లో ఊరి పేరు హాయిగా పట్టేది. పైథాన్‌తో పాటు వచ్చే కోడెక్‌లలో ఇస్కీ లేదు. బైట్లను బైట్లుగానే తీసుకుని, మార్పిడి పట్టిక మీరు రాసుకోవాలి.

నడుస్తున్న ఫాక్స్‌ప్రో ఫోల్డరులోకి మాత్రం ఏ లైబ్రరీతోనూ రాయొద్దు. దీన్ని మొహమాటం లేకుండా చెబుతున్నాను. పట్టిక పక్కన సీడీఎక్స్ అనే ఇండెక్స్ ఫైలు ఉంటుంది. డీబీఎఫ్ లైబ్రరీ దాన్ని ముట్టుకోదు. మీరు బయటినుంచి కలిపిన రికార్డు పట్టికలో ఉంటుంది, ఇండెక్స్‌లో ఉండదు. గుమస్తా ఖాతా నంబరు కొట్టి వెతికితే దొరకదు. ఆయన లేదనుకుని మళ్లీ ఎంటర్ చేస్తారు. రెండుసార్లు పడ్డ బిల్లు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

సీఎస్‌వీ వచ్చిందంటే

కొందరు ఫాక్స్‌ప్రోలోంచే సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు, తీసి పంపుతారు. మంచిదే, కానీ దారిలో ఎక్సెల్‌లో ఒకసారి తెరిచి సేవ్ చేసి ఉంటారు. ఆధార్ నంబరు 12 అంకెలు, అంత పొడవు సంఖ్యని మామూలు గడిలో ఎక్సెల్ మధ్యలో ఇంగ్లీషు 'E' అక్షరం పెట్టి కుదించి చూపిస్తుంది, సీఎస్‌వీగా సేవ్ చేస్తే అదే రూపం ఫైలులోకి పోతుంది. డోర్ నంబరు 4-5-12 తేదీ అయిపోతుంది. 12-3 అనే సర్వే నంబరు కూడా అంతే. ఆ తర్వాత ఏ లైబ్రరీ వాడినా పోయింది తిరిగి రాదు. ఎక్సెల్ ముట్టని ఫైలే కావాలని ముందే అడగండి.

చదవడానికి పైథాన్‌లో ఉన్న సీఎస్‌వీ మాడ్యూల్ చాలు. మామూలుగా వాడితే అది దేన్నీ ఊహించదు, ప్రతిదీ అక్షరాల వరసగానే ఇస్తుంది. ముందున్న సున్నాలు అలాగే ఉంటాయి. పాండాస్ గొప్ప లైబ్రరీ, సీజన్ వారీగా జీడిపప్పు గ్రేడ్ల లెక్కలు తీయాలంటే నేను దాన్నే వాడతాను. డబ్ల్యూ 240 ఎంత వచ్చింది, 320 ఎంత వచ్చింది, బద్ద ఎంత అని రెండు లైన్లలో తేల్చేస్తుంది. కానీ ఫైలు చదివేటప్పుడు అడగకుండానే ఊహిస్తుంది. ఫోన్ నంబర్ల కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉంటే కాలమ్ మొత్తం దశాంశాలుగా మారి, రాసేటప్పుడు ప్రతి నంబరు చివర చుక్క, సున్నా చేరతాయి. ఇంగ్లీషులో ఎన్, ఏ అనే రెండక్షరాల ఇనీషియల్స్ మాత్రమే ఉన్న గడిని ఖాళీ అనుకుంటుంది. పాండాస్‌తోనే చదవాలంటే అన్ని కాలమ్‌లూ స్ట్రింగ్ అని, ఖాళీల్ని ఊహించొద్దని చెప్పి చదవండి, మార్పిడి తర్వాత మీ చేత్తో చేయండి. డీబీఎఫ్‌ను పాండాస్ నేరుగా చదవదు, ఎలాగూ మధ్యలో ఇంకొకటి కావాలి.

విండోస్‌లో తెలుగు సీఎస్‌వీ రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని పెట్టండి. లేకపోతే ఎక్సెల్‌లో తెలుగు చెత్తగా కనిపించి ఫోన్ మీకే వస్తుంది.

బయటికి తీసింది ఎక్కడ పెట్టాలి

ఎస్‌క్యూలైట్. ఇదొక డేటాబేస్. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు. పైథాన్‌తో పాటే వస్తుంది, సర్వర్ అక్కర్లేదు, మొత్తం ఒక్క ఫైలు. కస్టమర్ పెన్‌డ్రైవులో వేసుకుని పోవచ్చు. ఫీల్డు వెడల్పు సమస్య లేదు, తెలుగు పేరు ఎంత పొడవైనా పడుతుంది. రాస్తుండగా కరెంటు పోతే, తిరిగి తెరిచినప్పుడు సగం పడిన లావాదేవీని వెనక్కి తీసేస్తుంది. ఏటా తుపాన్లు చూసే మన తీరంలో ఈ ఒక్క గుణం చాలు. దాన్ని తయారుచేసేవాళ్లు 2050 దాకా సపోర్టు చేస్తామని మాట ఇచ్చారు.

పట్టిక తయారుచేసేటప్పుడు ఖాతా నంబరు, ఫోన్, ఆధార్ కాలమ్‌లను టెక్స్ట్ అనే పెట్టండి. ఇంటీజర్ అని పెడితే 0123 కాస్తా 123 అవుతుంది. అంకెల కాలమ్‌లో అక్షరాలు పడినా మామూలుగా ఊరుకుంటుంది. 2021లో వచ్చిన 3.37 వెర్షన్ నుంచి స్ట్రిక్ట్ అనే పదం చేరిస్తే ఒప్పుకోకుండా ఆగుతుంది. చేర్చండి. రొక్కాన్ని పైసల్లోకి మార్చి ఇంటీజర్‌గా పెట్టుకుంటే కూడికలో తేడా రాదు.

ఎవరికి ఏది

పాత ప్రోగ్రాం ఆపేసి కొత్తదానికి మారుతున్న కొట్టుకి డీబీఎఫ్‌రీడ్‌తో చదివి ఎస్‌క్యూలైట్‌లో పెట్టండి. మధ్యలో సీఎస్‌వీ వద్దు, ప్రతి మజిలీలో ఏదో ఒకటి రాలిపోతుంది. పాత ప్రోగ్రాం నడుస్తూనే యజమానికి రోజూ సాయంత్రం ఫోన్‌లో బాకీల లెక్క కావాలంటే, కొట్టు కట్టేశాక ఫోల్డరు కాపీ చేసుకుని, ఆ కాపీ మీద డీబీఎఫ్‌రీడ్ నడపండి. ఎవరికో డీబీఎఫ్ ఇవ్వాలంటే డీబీఎఫ్ లైబ్రరీతో కొత్త ఫైలు తయారుచేసి ఇవ్వండి, పాతదానిలో కలపొద్దు. ఒక్కసారి చూసి నాలుగు అంకెలు రాసుకుంటే సరిపోయే పనికి లైబ్రరీయే అక్కర్లేదు, లిబ్రే ఆఫీస్ కాల్క్ డీబీఎఫ్‌ను తెరుస్తుంది.

పని ఒప్పుకునే రోజున, డబ్బు మాట్లాడుకునే ముందే, ఫోల్డరు మొత్తం జిప్ చేసి తెమ్మని చెప్పండి. డీబీఎఫ్ ఫైలు ఒక్కటే తెస్తే మెమో ఉండే ఎఫ్‌పీటీ ఫైలు వాళ్ల దగ్గరే మిగిలిపోతుంది, షరతులూ చిరునామాలూ అందులోనే ఉంటాయి. ఆ జిప్‌ను విప్పకుండా ఒక కాపీ పక్కన పెట్టండి. మార్చడం అయ్యాక గడిచిన మార్చి 31 నాటి నిలవలు ఖాతా వారీగా అచ్చు తీసి గుమస్తా ముందు పెట్టండి. ఆయన తన ఆవర్జాతో చూసుకుంటూ ఒక్కో పేరు దగ్గర టిక్ పెట్టుకుంటారు. పూట పడుతుంది. పక్కనే కూర్చోండి.